బాక్టీరియాకు నీళ్లు నిజంగా చిక్కగా ఉంటాయా? తోక ఊపితే అది ఎందుకు కదలదు?

మీ ప్రశ్నలో రెండు ముక్కలున్నాయి. ఒకటి: "బాక్టీరియాకు నీళ్లు తేనెలా ఉంటాయని క్లాసులో చెప్పారు, నీళ్లు ఎక్కడైనా నీళ్లే కదా, చిన్న జీవికి చిక్కబడటమేమిటి?" రెండోది: "అంత చిన్న జీవి చేపలా తోక అటూ ఇటూ ఊపితే కదలదన్నారు, మరి శుక్రకణం తోక ఊపుకుంటూనే పోతోంది కదా?" రెండూ న్యాయమైన అనుమానాలే. చివర్లో "ఇలాంటి ఈతగాళ్లను మనం చేయగలమా" అనీ అడిగారు, దానికి ఆఖరున వస్తాను. మొదటిది తేలితే రెండోదానికి సగం జవాబు దొరికినట్టే.

నీళ్లు చిక్కబడవు. గ్లాసులో ఉన్న నీటికి ఎంత స్నిగ్ధత (చిక్కదనం) ఉందో, బాక్టీరియా చుట్టూ ఉన్న నీటికీ అంతే. మారేదల్లా జడత్వం వాటా. మనం ఈదుతూ ఒక బార వేస్తే, వెనక్కి నెట్టిన నీరు మన చెయ్యి ఆగాక కూడా కాసేపు అలా పోతూనే ఉంటుంది, మనమూ ముందుకు జారుతూనే ఉంటాం. అది జడత్వం. దానికి ఎదురుగా పనిచేసేది స్నిగ్ధత: పక్కపక్కనున్న నీటి పొరలు ఒకదాన్నొకటి పట్టుకుని ఆ కదలికను చంపేస్తుంటాయి. ఈ రెంటిలో ఎవరిది పైచేయి అన్నది చెప్పేదే రేనాల్డ్స్ సంఖ్య. వేగం, పొడవు, సాంద్రత మూడింటినీ గుణించి స్నిగ్ధతతో భాగిస్తే వస్తుంది. మాంచెస్టర్‌లో పనిచేసిన ఆస్బోర్న్ రేనాల్డ్స్ 1883లో గొట్టాల్లో నీటి ప్రవాహం మీద చేసిన ప్రయోగాల నుంచి ఈ పేరు వచ్చింది.

ఈదే మనిషికి ఈ సంఖ్య సుమారు పది లక్షలు. సెకనుకు ఒక మీటరు వేగంతో పోయే పది సెంటీమీటర్ల చేపకు లక్ష. ఇప్పుడు మన పేగుల్లో ఉండే ఇ.కోలై తీసుకోండి. పొడవు 2 మైక్రాన్లు (మైక్రాను అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), వేగం సెకనుకు 30 మైక్రాన్లు. లెక్క వేస్తే 0.00006 వస్తుంది. అంటే జడత్వం లేదనుకున్నా నష్టమేమీ లేదు. పొడవూ వేగమూ రెండూ లెక్కలో పైనున్నాయి కాబట్టి, రెండూ చిన్నవైతే నీళ్లు మారకుండానే సంఖ్య పాతాళానికి పడిపోతుంది. తేనె పోలిక చెప్పేది ఇంతవరకే. తేనె అనగానే "చాలా కష్టపడి ఈదాలి కాబోలు" అనిపిస్తుంది, నాకు ఆ పోలిక నచ్చనిది అక్కడే. ఆ జీవికి కొరత బలం కాదు. ఊపు అనేదే దానికి లేదు.

ఎంత లేదో లెక్కలోనే చూడండి. ఒక మైక్రాను వ్యాసార్ధం ఉన్న చిన్న గోళం సెకనుకు 30 మైక్రాన్ల వేగంతో నీటిలో పోతోందనుకుందాం. దాన్ని నడిపే మోటారు ఒక్కసారిగా ఆగిపోయింది. గోళం బరువు దాదాపు 4 పికోగ్రాములు. నీటి నిరోధానికి 1851లో స్టోక్స్ ఇచ్చిన సూత్రం (6π × స్నిగ్ధత × వ్యాసార్ధం × వేగం) వేస్తే, 0.2 మైక్రోసెకన్లలో దాని వేగం చాలావరకు పోతుంది. ఈలోగా అది జారే దూరం 0.07 ఆంగ్‌స్ట్రామ్. హైడ్రోజన్ పరమాణువు వ్యాసంలో పదో వంతు కూడా లేదు! పెన్నూ కాగితంతో మీరే ఒకసారి వేసి చూడండి, సూత్రాన్ని కంఠస్థం చేయడం కంటే ఈ ఒక్క లెక్క ఎక్కువ నేర్పుతుంది. ఆ వేగానికి కావలసిన బలం ఎంతో కూడా అందులోనే వస్తుంది: దాదాపు అర పికోన్యూటన్.

జడత్వం లెక్కలోంచి పోయాక న్యూటన్ రెండో సూత్రంలో ద్రవ్యరాశి, త్వరణం ఉన్న పక్క సున్నా అయిపోతుంది. ప్రతి క్షణంలోనూ జీవి మీద పనిచేసే బలాల మొత్తం సున్నా, మెలితిప్పే బలాల మొత్తమూ సున్నా. ద్రవం కదలికను చెప్పే సమీకరణాల్లోంచి కాలం మాయమవుతుంది. ఇది వినడానికి వింతగా ఉంటుంది కానీ కళ్లారా చూడొచ్చు. కేంబ్రిడ్జ్ శాస్త్రవేత్త జి.ఐ. టేలర్ 1960లలో తీసిన ఒక పాఠ్య చిత్రంలో చేసి చూపించారు. ఒకదానిలో ఒకటి నిలబెట్టిన రెండు స్తూపాలు, మధ్య ఖాళీలో చిక్కటి పారదర్శక ద్రవం. అందులో ఒక రంగు చుక్క పెట్టి లోపలి స్తూపాన్ని నెమ్మదిగా కొన్ని చుట్లు తిప్పుతారు. రంగు సాగి సాగి, పలచబడి, ద్రవంలో కలిసిపోయినట్టే అవుతుంది. తర్వాత అన్నే చుట్లు వెనక్కి తిప్పుతారు. సాగిన రంగంతా తిరిగొచ్చి మళ్లీ చుక్కగా చేరుతుంది, అంచులు మాత్రం కాస్త మసకగా ఉంటాయి. ఎంత వేగంగా తిప్పారన్నది ఇక్కడ లెక్కలోకి రాదు. ఎంత తిప్పారు, ఏ దిక్కుకు తిప్పారు అన్నదే లెక్క.

ఇప్పుడు తోక సంగతి. ఎడ్వర్డ్ పర్సెల్ అని అమెరికా భౌతిక శాస్త్రవేత్త, అణుకేంద్రక అయస్కాంత అనునాదం కనుగొన్నందుకు 1952లో నోబెల్ పంచుకున్నారు. ఆయన 1976లో ఇచ్చిన ఒక ఉపన్యాసం మరుసటి ఏడాది అచ్చయింది. ఈ రంగంలోకి వచ్చేవాళ్లు ఇప్పటికీ మొదట చదివేది అదే. అందులో ఆయన స్కాలప్ అనే సముద్రపు ఆల్చిప్పను ఉదాహరణగా తీసుకున్నారు. సముద్రంలో ఆ ఆల్చిప్ప నెమ్మదిగా తెరుచుకుని టక్కున మూసుకుంటుంది, లోపలి నీరు వేగంగా బయటికి చిమ్ముతుంది, ఆల్చిప్ప ఎదురు దిక్కుకు పోతుంది. దాన్నే బాక్టీరియా అంత చేస్తే ఈ ఎత్తు పారదు. వేగం తేడాకు విలువ లేదు కాబట్టి, మూసుకునేటప్పుడు ఎంత ముందుకు పోయిందో తెరుచుకునేటప్పుడు సరిగ్గా అంతే వెనక్కి వస్తుంది. ఒకే ఒక్క మడతబందు ఉన్న జీవికి తెరుచుకోవడం, మూసుకోవడం తప్ప వేరే దారి లేదు. వెళ్లిన దారినే తిరిగి రావాలి. దీన్నే ఆల్చిప్ప సిద్ధాంతం అంటున్నారు. వీడియో తీసి వెనక నుంచి ముందుకు నడిపితే అలాగే కనిపించే కదలిక ఏదైనా సరే, దానివల్ల ఆ లోకంలో ప్రయాణం జరగదు.

గట్టి తోకను అటూ ఇటూ ఊపడం అచ్చంగా అలాంటి కదలికే. టేలర్ తన చిత్రంలో రబ్బరు బ్యాండుతో నడిచే రెండు బొమ్మలు కూడా పెట్టారు. అటూ ఇటూ కొట్టుకునే గట్టి తోక ఉన్న బొమ్మ నీటిలో చక్కగా పోయింది, చిక్కటి పాకంలో వేస్తే తోక కొట్టుకుంటూ ఉన్నచోటే ఉండిపోయింది. మెలితిరిగిన తోక తిప్పుకునే బొమ్మ మాత్రం ఆ పాకంలోనూ ముందుకు పోయింది.

మరి శుక్రకణం? అసలు కీలకం ఇక్కడుంది, కాబట్టి కాస్త నెమ్మదిగా చెబుతాను. ముందు ఇంట్లో చేయగల ఒక ప్రయోగం. మందుల షాపులో గ్లిజరిన్ కొని వెడల్పాటి గాజు గ్లాసులో పోయండి. పాత కరెంటు వైరులోంచి ఒక సన్న రాగి పోగు లాగి, నిటారుగా సాగదీసి, సెంటీమీటరు ముక్కలుగా కత్తిరించండి. ఒక ముక్కను నిలువుగా, ఇంకొకదాన్ని అడ్డంగా గ్లిజరిన్ లోపల వదలండి. నిలువుది స్పష్టంగా ముందు చేరుతుంది. ఎంతో సన్నగా, ఎంతో పొడవుగా ఉన్న కడ్డీకి లెక్క ప్రకారం అడ్డంగా కదిలేటప్పుడు వచ్చే నిరోధం పొడవునా కదిలేటప్పటి దానికి దాదాపు రెట్టింపు. మీ తీగకు అంత తేడా రాదు కానీ గడియారంతో కొలవగలిగినంత వస్తుంది. తర్వాత ఒక ముక్కను ఏటవాలుగా వదలండి. ఆ వాలు అలాగే ఉంచుకుని, కిందికి దిగుతూనే, కింది కొస ఎటువైపు ఉందో అటు పక్కకు జారుతుంది. భూమి లాగింది నేరుగా కిందికే. పోయింది మాత్రం పక్కకు కూడా.

సూక్ష్మజీవులను నడిపేది ఈ పక్కచూపే. ఏటవాలుగా ఉన్న సన్నటి ముక్కను ద్రవంలో పక్కకు నెడితే, ద్రవం ఇచ్చే ఎదురుబలం సరిగ్గా వెనక్కి ఉండదు, కొంత ఒక పక్కకు మళ్లుతుంది. ఇప్పుడు తోకలో ఒక చిన్న ముక్కనే చూడండి. గట్టి తోకలో ఆ ముక్క ఒక వాలుతో ఎడమకు పోతుంది, తిరిగి వచ్చేటప్పుడు అవే వాలుల మీదుగా కుడికి వస్తుంది. దిక్కు తిరగబడింది, వాలు తిరగబడలేదు. కాబట్టి పోయేటప్పుడు పుట్టిన ముందుతోపు, వచ్చేటప్పుడు వెనకతోపుగా మారి కొట్టివేయబడుతుంది. శుక్రకణం తోకలో జరిగేది వేరు. అక్కడ తల దగ్గర పుట్టిన వంపు అలలా కొస దాకా పాకుతుంది. అల దాటుతున్నప్పుడు అదే ముక్క ఎడమకు పోయేటప్పుడు ఒకవైపు వాలి ఉంటుంది, కుడికి వచ్చేటప్పుడు రెండోవైపు వాలి ఉంటుంది. దిక్కూ మారింది, వాలూ మారింది. రెండు మార్పులూ కలిసి ముందుతోపును ముందుతోపుగానే ఉంచుతాయి. అల తోక కొసవైపు పోతుంది, కణం తలవైపు పోతుంది. ఈ వీడియోను వెనక నుంచి నడిపితే అల కొస నుంచి తలవైపు పాకుతున్నట్టు కనిపిస్తుంది, అది వేరే కదలిక. అందుకే ఆల్చిప్ప సిద్ధాంతం దీనికి అడ్డు రాదు. పైకి "తోక ఊపుతోంది" అనిపించినా గట్టి తోక బొమ్మ ఊపుడుకూ దీనికీ ఉన్న తేడా ఇదే.

ఇలాంటి అలలు జడత్వం లేకుండానే ఈతకు పనికొస్తాయని టేలరే 1951లో లెక్క కట్టి చూపించారు. 1955లో జేమ్స్ గ్రే, హ్యాన్‌కాక్ ఇద్దరూ నేను పైన చెప్పిన ముక్కల లెక్కను సముద్రపు అర్చిన్ శుక్రకణానికి వేసి, మైక్రోస్కోపులో చూసిన వేగంతో పోల్చారు. రెండూ బాగా కలిశాయి. ఆ అలను పుట్టించేది డైనీన్ అనే ప్రొటీను, తోక పొడవునా ఉండే సన్నటి నాళికలను ఒకదాని మీద ఒకటి జారేలా చేస్తుంది. డైనీన్ లోపం ఉన్న మగవాళ్లలో శుక్రకణాలు సాధారణంగా కదలవు. ఊపిరితిత్తుల దారిలో కఫాన్ని పైకి నెట్టే శైలికలదీ (కణాల మీద ఉండే సన్నటి వెంట్రుకల్లాంటివి) అదే యంత్రాంగం కాబట్టి వాళ్లకు చిన్నప్పటి నుంచీ దగ్గు, సైనస్ బాధలు వదలవు. వీళ్లలో కొందరికి గుండె కుడివైపు ఉంటుంది కూడా. పిండ దశలో ఎడమ, కుడి నిర్ణయించడానికి కావలసిన చిన్న ప్రవాహాన్ని పుట్టించేవీ శైలికలే మరి.

బాక్టీరియా దారి ఇంకొకటి. ఇ.కోలైకి ఉండే కశాభాలు 20 నానోమీటర్ల మందం, 10 మైక్రాన్ల దాకా పొడవు ఉండే మెలితిరిగిన పోగులు. వాటిలో డైనీన్ లేదు, అవి తమంతట తాము వంగలేవు. చాలాకాలం వాటిలోనూ అలలే పాకుతున్నాయని అనుకున్నారు. 1973లో హోవార్డ్ బెర్గ్, రాబర్ట్ ఆండర్సన్ "కాదు, మొదట్లో ఉన్న మోటారు పోగును గుండ్రంగా తిప్పుతోంది" అని వాదించారు. మరుసటి ఏడాది సిల్వర్‌మన్, సైమన్ దాన్ని కళ్లకు కట్టారు. ఎలాగంటే, కశాభానికి అంటుకునే యాంటీబాడీతో దాన్ని గాజు పలకకు అతికించేశారు. కశాభం కదలలేదు కాబట్టి మోటారు మొత్తం బాక్టీరియా ఒంటినే గిరగిరా తిప్పింది! నాకు ఈ రంగంలో అన్నిటికంటే ఇష్టమైన ప్రయోగం ఇది. కోట్లు పోసే పరికరాలేవీ అక్కర్లేదు, చూసినవాడికి వివరణా అక్కర్లేదు.

ఆ మోటారు అడ్డం 45 నానోమీటర్లు. పొర బయటి నుంచి లోపలికి వచ్చే ప్రోటాన్ల ప్రవాహంతో నడుస్తుంది, ఈదేటప్పుడు సెకనుకు సుమారు వంద చుట్లు. తిరిగే మెలికలోని ప్రతి చిన్న ముక్కా ఏటవాలుగా పక్కకు కదులుతూ ఉంటుంది, అంటే మన రాగి తీగ లెక్కే ఇక్కడా. గుండ్రంగా తిరగడానికి "తిరిగి రావడం" అనేదే లేదు కనుక ఆల్చిప్ప సిద్ధాంతం బెడద లేదు. మోటారు పెట్టే పనిలో ముందుకు పోవడానికి ఉపయోగపడేది ఒకటి రెండు శాతమే. అయినా బాక్టీరియాకు అది భారం కాదు, మొత్తం మీద ఈతకయ్యే ఖర్చు దాని సంపాదనలో చిన్నదే.

మెలితిప్పే బలాల మొత్తం సున్నా అని పైన అన్నాను కదా. కశాభాలన్నీ కలిసిన తోకకట్ట ఒకవైపు తిరిగితే ఒళ్లు రెండోవైపు తిరిగి తీరాలి. గాజు పలక దగ్గరికి వస్తే ఇది కళ్ల ముందు కనిపిస్తుంది: ఒంటి అడుగు భాగం ఒకవైపు, తోక అడుగు భాగం ఎదురువైపు గాజును రాసుకున్నట్టవుతుంది, దాంతో దారి వంగిపోతుంది. అడుగు గాజు మీద ఈదే ఇ.కోలైని పైనుంచి చూస్తే గడియారపు ముల్లు దిక్కులో గుండ్రాలు కొడుతుంది. కాలేజీ ల్యాబులో మంచి మైక్రోస్కోపు ఉంటే ఇది తప్పక చూడండి.

క్లామిడోమోనాస్ అనే ఆకుపచ్చ శైవలం ముందువైపున్న రెండు కశాభాలతో ఈదుతుంది. చాచి వెనక్కి కొట్టేటప్పుడు అడ్డంగా, ముందుకు తెచ్చేటప్పుడు ఒంటికి దగ్గరగా వంచి పొడవునా జారుస్తుంది. అడ్డానికీ పొడవుకీ నిరోధంలో ఉన్న తేడానే అది ఆ విధంగా వాడుకుంటుంది. పారమీషియం అనే ఏకకణ జీవి వేల శైలికలతో ఇదే పని చేస్తుంది.

ఇంత చేసి బాక్టీరియా ఎందుకు ఈదుతుంది? తిండి నోటి దగ్గరికి తెచ్చుకోవడానికి అనుకుంటే పొరపాటు. చక్కెర లాంటి చిన్న అణువులు విసరణ వల్ల వాటంతట అవే దాని దగ్గరికి వస్తుంటాయి, ఈ పరిమాణంలో విసరణ ఈత కంటే ఎంతో వేగం. చుట్టూ ఉన్న నీటిని కలిపినా ఒరిగేది లేదు. ఈత వల్ల లాభం వేరేచోట తిండి ఎక్కువ ఉంటే అక్కడికి చేరడమే. అందులోనూ ఒక చిక్కుంది. నీటి అణువుల తాకిడికి అది ఒక్క సెకనులోనే దాదాపు 30 డిగ్రీలు దారి తప్పుతుంది. కాబట్టి నేరుగా పోవడం మీద ఆశ పెట్టుకోదు. బెర్గ్, బ్రౌన్ 1972లో ఒక్కొక్క బాక్టీరియాను వెంటాడే మైక్రోస్కోపు కట్టి చూశారు. సుమారు ఒక సెకను పరుగు, తర్వాత సెకనులో పదో వంతు పల్టీ, మళ్లీ కొత్త దిక్కులో పరుగు. తిండి పెరుగుతోందనిపిస్తే పల్టీని వాయిదా వేస్తుంది. చాలా సెకన్లు పరుగెత్తితే దిక్కు ఎలాగూ పోతుంది కనుక ఆ ఒక్క సెకను అనేది బాగా కుదిరిన కొలత.

ఇప్పటిదాకా చెప్పిందంతా నీటిలాంటి మామూలు ద్రవాలకు. ఒంట్లోని ద్రవాలు చాలావరకు అలాంటివి కావు. కఫం, గర్భాశయ ముఖద్వారంలోని జిగురు, కంటి లోపలి జెల్లీ వీటిలో పొడవాటి అణువుల వల ఉంటుంది, సాగుతాయి, తిరిగి ముడుచుకుంటాయి. వరి మళ్లలో, బురదలో పనిచేసేవాళ్లకు ఎలుకల మూత్రం ద్వారా సోకే లెప్టోస్పైరా అనే బాక్టీరియా సంగతే చూడండి. దాని కశాభాలు బయటికి రావు, పై పొర కిందే ఉండి మొత్తం ఒంటినే మెలితిప్పుతాయి. ద్రవం చిక్కబడితే దీని వేగం పెరుగుతుందని కైజర్, డోష్ 1975లోనే చూపించారు. కడుపులో పుండ్లు తెచ్చే హెలికోబాక్టర్ పైలోరీ ఇంకో ఉపాయం పన్నింది. ఆమ్లంలో కడుపు జిగురు గట్టి జెల్‌గా ఉంటుంది, అందులో ఇరుక్కుంటే కశాభం తిరుగుతున్నా అది కదలదు. అందుకని యూరియేజ్ ఎంజైముతో యూరియాను విరగ్గొట్టి అమ్మోనియా పుట్టిస్తుంది, చుట్టుపక్కల ఆమ్లం తగ్గుతుంది, జెల్ కరిగి ద్రవమవుతుంది. తర్వాత మామూలుగా ఈదుకుంటూ పోతుంది.

"మనం చేయగలమా" అని చివర్లో అడిగారు, చేశారు. 2005లో ఫ్రాన్స్ బృందం ఒకటి డీఎన్ఏతో కలిపిన అయస్కాంత పూసల గొలుసును ఎర్ర రక్తకణానికి తగిలించి, అయస్కాంత క్షేత్రంతో ఊపి ఈదించింది. ఊపడమే, కానీ గొలుసు వంగుతుంది కాబట్టి అందులో అల పుట్టింది. 2009లో అంబరీష్ ఘోష్, పీర్ ఫిషర్ ఇద్దరూ బాక్టీరియా తోకంత గాజు మెలికలు చేసి, తిరిగే అయస్కాంత క్షేత్రంతో నడిపారు. ఘోష్ బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో ఆ పనిని ముందుకు తీసుకెళ్లారు. అక్కడి నుంచి వచ్చిన పరికరాలు పంటి లోపలి సన్నటి నాళాల్లోకి కూడా వెళ్లగలిగాయి. ఫిషర్ బృందం 2014లో నిజంగానే ఒక సూక్ష్మ ఆల్చిప్పను తయారుచేసింది, ఒకే మడతబందు, తెరుచుకోవడం, మూసుకోవడం అంతే. కదిపే వేగాన్నిబట్టి చిక్కదనం మారే ద్రవంలో వేసి, మూసుకునే వేగం, తెరుచుకునే వేగం వేర్వేరుగా పెడితే అది ఈదింది. ఆల్చిప్ప సిద్ధాంతం తప్పని దీనర్థం కాదు. అది చిక్కదనం మారని ద్రవాలకు చెప్పిన మాట, ఈ ద్రవంలో వేగం తేడాకు మళ్లీ విలువ వచ్చింది.